మొదట విన్నవాళ్లు ఏం చేశారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. కాలేజీలోనో హాస్టల్లోనో విద్యార్థినిపై లైంగిక దాడి జరిగిందన్న వార్త వచ్చినప్పుడల్లా మాటలన్నీ శిక్ష చుట్టూనే తిరుగుతాయి. ఆ పిల్ల మొదట ఎవరికి చెప్పుకుంది, విన్నవాళ్లు ఏం చేశారు అని అడిగేవాళ్లు తక్కువ. కేసు నిలబడుతుందా, పిల్ల చదువు సాగుతుందా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది. కళాశాలల అంతర్గత ఫిర్యాదుల కమిటీల్లో బయటి సభ్యులుగా, కౌన్సెలర్లుగా పనిచేస్తున్న మేం కొందరం కలిసి ఆ తొలి గంటల గురించి, ఆ తర్వాతి నెలల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాం.

సాధారణంగా జరిగేది ఇదీ. అమ్మాయి రూమ్మేట్‌కు చెబుతుంది. రూమ్మేట్ వార్డెన్‌కు, వార్డెన్ చీఫ్ వార్డెన్‌కు, ఆయన ప్రిన్సిపల్‌కు, ప్రిన్సిపల్ యాజమాన్యానికి చెబుతారు. ప్రతి ఒక్కరూ పిల్లను పిలిపించి ‘అసలేం జరిగిందమ్మా’ అని మొదటి నుంచి అడుగుతారు. ఒకరు కాగితం మీద రాసుకుంటారు, ఇంకొకరు ఫోన్‌లో రికార్డు చేస్తారు, మరొకరు ఆమె చేతే రాయించి సంతకం పెట్టిస్తారు. సాయంత్రానికి ఒకే సంఘటనకు నాలుగు కథనాలు తయారవుతాయి. ఒకదాంట్లో ‘ఎనిమిదిన్నరకు’ అని ఉంటుంది, ఇంకోదాంట్లో ‘తొమ్మిది దాటాక’ అని ఉంటుంది. షాక్‌లో ఉన్న మనిషికి గడియారం గుర్తుండదని మనకు తెలుసు. రెండేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముద్దాయి తరఫు లాయరు ఆ రెండు కాగితాలనే పక్కపక్కన పెడతాడు.

కాబట్టి ప్రతి కాలేజీలో ఫిర్యాదు అందుకునే మనిషి ఒక్కరే ఉండాలి. సెలవులో ఉన్నప్పుడు బదులుగా ఇంకొకరు. వాళ్ల పేరు, ఫోన్ నంబరు హాస్టల్ నోటీసు బోర్డు మీద, మెస్‌లో, వాష్‌రూమ్ తలుపు లోపలివైపు ఉండాలి. తలుపు లోపలివైపే ఎందుకంటే, నలుగురూ చూస్తుండగా నోటీసు బోర్డు ముందు నిలబడి ఆ నంబరు రాసుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. అందుకునే మనిషి విచారణ చేయకూడదు. అడగాల్సినవి కొన్నే: ఇప్పుడు నొప్పి, రక్తస్రావం ఏమైనా ఉన్నాయా? ఈ రాత్రి నువ్వు పడుకునే చోటు భద్రమేనా? అతను ఇదే క్యాంపస్‌లో, ఇదే క్లాసులో ఉన్నాడా? జరిగి ఎన్ని గంటలైంది? నీ వయసెంత? ఎవరిని పిలవమంటావు? గంటలు అడిగేది వైద్యం కోసం, వయసు అడిగేది చట్టం కోసం. ‘ఎందుకు వెళ్లావు’, ‘అరవలేదా’, ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు’ అన్న ప్రశ్నలకు ఈ గదిలో చోటు లేదు. వాటి జవాబులతో అందుకునేవాళ్లు చేయగలిగే పని కూడా ఏమీ లేదు.

రాసేది ఒక పేజీ చాలు. తేదీ, సమయం, ఆమె వాడిన మాటలు వాడినట్టే, కొటేషన్లలో. ‘మామూలుగానే కనిపించింది’, ‘ఏడవలేదు’ లాంటి వ్యాఖ్యలు రాయొద్దు. కొందరు ఏడుస్తారు, కొందరు నవ్వుతారు, కొందరు రాయిలా కూర్చుంటారు. వీటిలో ఏదీ నిజానికో అబద్ధానికో గుర్తు కాదు. రాసింది ఆమెకు చదివి వినిపించి, ఒక కాపీ ఆమెకిచ్చి, రెండోది కవరులో పెట్టి సీలు వేయాలి. రిజిస్టర్‌లో పేరు బదులు నంబరు వేయాలి. ఏ నంబరు ఎవరిదో తెలిపే జాబితా వేరే బీరువాలో, ఒక్కరి తాళం కిందే ఉండాలి. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ‘హెచ్ బ్లాక్ ఇష్యూ’ అని ఒక్క మెసేజ్ పడితే ఈ జాగ్రత్తంతా గంగలో కలిసినట్టే.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు మంచి మనసుతో చేసేదే. ‘నీ మీద ఒట్టు, ఎవరికీ చెప్పను, చెప్పు తల్లీ’ అంటారు. పిల్లకు 18 ఏళ్లు నిండకపోతే ఆ మాట ఇచ్చే హక్కు ఎవరికీ లేదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న అనుమానం ఉన్నా స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు, సంస్థకు బాధ్యులైనవాళ్లు తమ కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది వరకు జైలు. మన ఆసిఫాబాద్ సరిహద్దుకు అవతలే ఉన్న చంద్రాపూర్ జిల్లా రాజురాలో, పాఠశాల హాస్టల్‌లోని గిరిజన బాలికల కేసులో, తెలిసీ చెప్పలేదన్న ఆరోపణ ఉన్న డాక్టర్‌పై హైకోర్టు కొట్టేసిన కేసును 2022 నవంబరులో సుప్రీంకోర్టు పునరుద్ధరించింది. కాబట్టి పిల్ల నోరు విప్పకముందే చెప్పాలి: ‘నీకు పద్దెనిమిది లోపైతే కొన్ని విషయాలు నేను పోలీసులకు చెప్పాల్సి ఉంటుంది. ఎవరికి చెబుతానో ముందే నీకు చెబుతాను, నీతోనే ఉంటాను.’ ఇది విన్నాక కొందరు ఆగిపోతారు, రెండు రోజుల తర్వాత మళ్లీ వస్తారు. మాట ఇచ్చి తప్పినవాళ్ల దగ్గరకు మాత్రం ఎవరూ రెండోసారి రారు. పద్దెనిమిది దాటినవాళ్ల విషయం వేరు. తల్లిదండ్రులకు ఫోన్ చేయాలా వద్దా అన్నది కూడా ఆ అమ్మాయే తేల్చుకోవాలి. అడగకుండా ఇంటికి ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున్నే అన్నయ్య వచ్చి సామాను సర్దించి తీసుకెళ్లిపోవడం మన దగ్గర కొత్త కాదు.

ఇక్కడ ఒక పెద్ద లోటు. అంతర్గత కమిటీల గురించి వివరంగా చెప్పే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2015 నిబంధనలు డిగ్రీ, ఇంజినీరింగ్, విశ్వవిద్యాలయాలకు వర్తిస్తాయి. మన రెండు రాష్ట్రాల్లో రెసిడెన్షియల్ హాస్టళ్లలో ఎక్కువగా ఉండేది ఇంటర్, నీట్, జేఈఈ పిల్లలు, పదిహేను నుంచి పదిహేడేళ్లవాళ్లు. వాళ్ల కాలేజీలు యూజీసీ కిందికి రావు. పనిప్రదేశాల కోసం 2013లో వచ్చిన చట్టం కింద సిబ్బందికి కమిటీ ఉంటుంది గానీ, అందులో విద్యార్థి సభ్యులు ఉండరు. విశాఖపట్నంలో చదువుకుంటున్న ఒక నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, లైంగిక దాడి, ర్యాగింగ్ ఫిర్యాదులు గోప్యంగా తీసుకునే ఏర్పాటు ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కూడా వాటి పరిధిలోకి వస్తాయి. రెండు ఇంటర్ బోర్డులూ అనుబంధ గుర్తింపు రెన్యువల్ చేసేటప్పుడు ఫైర్ ఎన్‌వోసీతో పాటు ఈ కౌన్సెలర్ నియామక పత్రాన్నీ అడగొచ్చు కదా.

ఇక ఆస్పత్రి. కాలయాపనతో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పోలీసు లెటర్ లేకపోతే చూడం అని క్యాజువాలిటీలో చెబితే అది చట్టవిరుద్ధం. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 397వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్పత్రి అయినా ప్రైవేటుదైనా వెంటనే ఉచితంగా చికిత్స ఇవ్వాలి, పోలీసులకు తెలపాలి. నిరాకరిస్తే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 200వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు. కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాలు ఇంకో మాట కూడా చెబుతున్నాయి: కేసు వద్దనుకునే అమ్మాయికి కూడా చికిత్స ఆపకూడదు, ఆమె వద్దన్న సంగతిని రాసుకోవాలి. పరీక్షలో ఏ భాగానికైనా ఆమె ‘వద్దు’ అనొచ్చు, మిగతాది జరుగుతుంది. యోనిలో వేళ్లు పెట్టి చూసే ‘రెండు వేళ్ల పరీక్ష’ చేస్తే దుష్ప్రవర్తన కిందికి వస్తుందని 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు తేల్చేసింది. అయినా ‘లైంగిక చర్యకు అలవాటు పడినట్టుంది’ అని రాసే చేతులు ఇంకా ఉన్నాయి కాబట్టి, వెంట వెళ్లినవాళ్లు రిపోర్టు చదివాకే బయటికి రావాలి.

గంటల లెక్క హాస్టల్ సిబ్బందికి నోటికి వచ్చి ఉండాలి. శరీరం మీది ఆధారాలు సాధారణంగా 96 గంటల వరకు సేకరిస్తారు. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు మొదటి డోసు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లో పడాలి. ఆపైన మొత్తం 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా లివోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర 72 గంటల్లోపు వేస్తే బాగా పనిచేస్తుంది, ఐదో రోజు వరకు కొంత ఫలితం ఉంటుంది. వేసుకోగానే వాంతైతే మళ్లీ వేయాలి. హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాల సంగతి అక్కడే అడగాలి. కూల్‌డ్రింక్‌లో ఏదో కలిపారన్న అనుమానముంటే రక్తం, మూత్రం నమూనాలు అన్నిటికంటే ముందు తీయించాలి. కొన్ని మత్తు పదార్థాల ఆనవాళ్లు సగం రోజులోనే పోతాయి. ఆదివారం ఏఆర్‌టీ కేంద్రం (హెచ్ఐవీ మందులిచ్చే చోటు) మూసి ఉంటుంది, సోమవారం రండి అంటే ఒప్పుకోవద్దు. మొదటి డోసు క్యాజువాలిటీలోనే ఇవ్వాలని గట్టిగా అడగాలి.

స్నానం చేయకుండా, పళ్లు తోముకోకుండా, బట్టలు మార్చకుండా వస్తే మంచిది. అప్పటికే స్నానం చేసేసి ఉంటే ‘ఇక లాభం లేదు’ అని ఎవరూ అనకూడదు. బట్టలు, పక్క దుప్పటి, చర్మం మీది గాయాలు ఇంకా మాట్లాడతాయి. విప్పిన బట్టలు దులపకుండా, తడి ఉంటే నీడలో ఆరనిచ్చి, ఒక్కో బట్టను ఒక్కో కాగితపు కవరులో పెట్టాలి. హాస్టల్లో చేతికి దొరికేది ప్లాస్టిక్ క్యారీ బ్యాగే. అందులో మూట కట్టి పెడితే చెమ్మకు బూజు పట్టి డీఎన్ఏ పాడవుతుంది. రెండు డజన్ల ఖాకీ కాగితపు కవర్లు, ఒక మార్కర్, ఒక జత కొత్త బట్టలు, చెప్పులు వార్డెన్ గదిలో ఒక పెట్టెలో ఉంచితే ఖర్చు వెయ్యి రూపాయలు దాటదు. కొత్త బట్టలు ఎందుకంటే, వేసుకొచ్చినవి ఆస్పత్రిలో తీసేసుకున్నాక గౌను మీద హాస్టల్‌కు తిరిగొచ్చే పరిస్థితి ఏ పిల్లకూ రాకూడదు.

పోలీసుల దగ్గర ‘మా పరిధి కాదు’ అన్న మాటకు 2024 జులై 1 నుంచి చట్టంలోనే జవాబుంది. బీఎన్ఎస్ఎస్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం నమోదు చేయాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. ఈ నేరాల్లో ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. అత్యాచారం లాంటి నేరాల్లో నమోదు చేయని అధికారికి బీఎన్ఎస్ 199 కింద కనీసం ఆరు నెలల జైలు ఉంది. బాధితురాలి వాంగ్మూలం ఆమె ఇంట్లో, లేదా ఆమె కోరిన చోట తీసుకోవాలి. పోక్సో కేసులో అధికారి యూనిఫాంలో ఉండకూడదు, అమ్మాయిని మహిళా డాక్టరే పరీక్షించాలి. సమాచారం అందిన 24 గంటల్లో వైద్య పరీక్షకు పంపాలి, డాక్టర్ రిపోర్టు ఏడు రోజుల్లో దర్యాప్తు అధికారికి చేరాలి. అమ్మాయి దళిత, గిరిజన వర్గాలకు చెంది, నిందితుడు ఆ వర్గాలవాడు కాకపోతే అట్రాసిటీ సెక్షన్లు మొదటే పెట్టించాలి, అప్పుడు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారికి వెళ్తుంది. ఆశ్రమ పాఠశాలల నుంచి వచ్చిన కోయ, గోండు, సవర పిల్లల వాంగ్మూలం తెలుగులో లాగించేయకుండా దుబాసీని పెట్టమని అడగాలి. పోక్సోలో ఆ ఏర్పాటు ఉంది, అడిగేవాళ్లే లేరు.

ఈలోగా క్యాంపస్‌లో మరుగైపోయేది సీసీ కెమెరా ఫుటేజీ. రికార్డింగ్ దాచే డీవీఆర్ పెట్టె నిండగానే పాత రికార్డింగ్ మీదే కొత్తది పడుతుంది, కొన్నిచోట్ల రెండు వారాలకే. ఫిర్యాదు అందిన రోజే ‘ఫలానా కెమెరా, ఫలానా తేదీ, ఫలానా గంటల మధ్య రికార్డింగ్ భద్రపరచండి’ అని రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఔట్‌పాస్ రిజిస్టర్, గేటు పుస్తకం, బయోమెట్రిక్ లాగ్ కూడా అంతే. ఫోన్‌లోని చాట్‌కు స్క్రీన్‌షాట్లు తీసి అసలును డిలీట్ చేస్తే కోర్టులో చిక్కే. ఎలక్ట్రానిక్ ఆధారానికి జత చేయాల్సిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఆ ఫోన్‌తోనే ముడిపడి ఉంటుంది. మైనర్ వీడియో బయటికొచ్చినప్పుడు ‘ఆధారం కోసం’ అని లెక్చరర్లు తమ ఫోన్లలోకి పంపించుకోవడం చూస్తుంటాం. అది నేరం. ఫోన్‌ను ఉన్నది ఉన్నట్టు పోలీసులకు అప్పగించాలి. నగ్న చిత్రాలు పెడతామన్న బెదిరింపు ఉంటే పెద్దవాళ్లకు స్టాప్ ఎన్‌సీఐఐ, పద్దెనిమిదిలోపు వాళ్లకు టేక్ ఇట్ డౌన్ అనే సైట్లు ఉన్నాయి. ఫొటో ఫోన్ దాటకుండానే దాని డిజిటల్ ముద్ర మాత్రం తీసుకుని, తమతో కలిసి పనిచేసే వేదికల్లో అది పైకి రాకుండా అడ్డుకుంటాయి.

అంతర్గత కమిటీ వేరు, పోలీసు కేసు వేరు. రెండూ ఒకేసారి నడవొచ్చు. ‘కేసు పెట్టావు కాబట్టి మేం ఆపేశాం’ అనడానికీ, ‘ముందు మా కమిటీ తేల్చాక పోలీసులు’ అనడానికీ చట్టంలో ఆధారం లేదు. యూజీసీ నిబంధనల ప్రకారం కమిటీకి ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి, కారణం చూపితే ఇంకో మూడు నెలలు. కమిటీ ఏడు రోజుల్లో ప్రతివాదికి కాపీ పంపాలి, అతను పది రోజుల్లో జవాబివ్వాలి, విచారణ తొంభై రోజుల్లో ముగియాలి. విద్యార్థుల కేసైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు సభ్యులుగా ఉండాలి. డీన్లు, విభాగాధిపతులు, రిజిస్ట్రార్ సభ్యులుగా ఉండకూడదు. మీ ఊరి కాలేజీ వెబ్‌సైట్ తెరిచి కమిటీ జాబితా చూడండి. ఒకటి రెండు పేర్ల పక్కన ‘హెచ్‌ఓడీ’ (విభాగాధిపతి) అని కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఇక పెద్దమనుషుల రాజీ సంగతి. బాధితురాలు తానుగా కోరితే తప్ప సర్దుబాటు మాట ఎత్తకూడదు, డబ్బు మీద సర్దుబాటు అసలే కుదరదు. అత్యాచారం కేసులో సర్దుబాటు అన్న మాటకే తావు లేదు.

సాయం అన్నది ఎఫ్ఐఆర్‌తో అయిపోదు. చదువు చేజారేది ఆ తర్వాతే. జేఎన్‌టీయూ కాలేజీల్లో 75 శాతం హాజరు కావాలి, 65 వరకు మెడికల్ కారణాలతో మినహాయింపు. ఆస్పత్రి, స్టేషన్, మేజిస్ట్రేట్ వాంగ్మూలం, ఊరు వెళ్లి రావడం అన్నీ కలిపితే ఒక సెమిస్టర్‌లో ఆ పది శాతం ఇట్టే కరిగిపోతుంది. పిల్ల డిటైన్ అవుతుంది, నిందితుడు పాసైపోతాడు. యూజీసీ నిబంధనల్లో దీనికి మందుంది: కమిటీ సిఫార్సు చేస్తే మూడు నెలల వరకు సెలవు, హోదాకూ ప్రయోజనాలకూ నష్టం లేకుండా. నిందితుడు అధ్యాపకుడైతే ఆమె పేపర్లు దిద్దకుండా, ఇంటర్నల్స్, ల్యాబ్ మార్కులు వేయకుండా తప్పించొచ్చు. విద్యార్థి అయితే సెక్షన్ మార్చొచ్చు. మార్చాల్సింది అతన్నే. చాలాచోట్ల ‘నీ మంచికే’ అంటూ ఆమెను వేరే బ్లాకుకు పంపుతారు. ఈ ఆదేశాలు నోటిమాటగా ఉంటే పరీక్షల విభాగానికి చేరవు. హాల్‌టికెట్ ఆగాక పరుగెత్తాల్సి వస్తుంది. అందుకే కారణం రాయకుండా, ‘కమిటీ ఆదేశం నంబరు ఫలానా’ అని మాత్రమే ఉన్న కాగితం అదే వారం వెళ్లాలి.

తోడుండే మనిషి చూడాల్సిన చిన్న సంగతులు ఇంకా ఉన్నాయి. హెచ్ఐవీ రాకుండా వాడే ఆ 28 రోజుల మందుకు కొందరికి వికారం వస్తుంది, అది ఒక కారణం. సీసా మీది పేరు రూమ్మేట్లు చదువుతారన్న భయం ఇంకా పెద్ద కారణం. చాలామంది మధ్యలో మానేసేది దీనికే. మామూలు మాత్రల డబ్బాలోకి మార్చి ఇవ్వడం, రాత్రి అన్నం తిన్నాక వేసుకోమనడం, వారానికోసారి అడగడం చాలు. నెలసరి తప్పితే పరీక్ష చేయించాలి. గర్భం నిలిస్తే 2021 సవరణ తర్వాత అత్యాచార బాధితులకు 24 వారాల వరకు తీయించుకునే హక్కుంది. మైనర్లకు బాలల సంక్షేమ కమిటీ సహాయక వ్యక్తిని నియమిస్తుంది, కేసు ముగిసేదాకా ఆ వ్యక్తి తోడుంటారు. ఆడపిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. అత్యాచారానికి నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) 2018 పథకం కింద 4 నుంచి 7 లక్షల పరిహారం ఉంది. శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు, మధ్యంతరంగా కొంత ముందే అడగొచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ, బ్యాంకు పాసుపుస్తకం పట్టుకుని దరఖాస్తు పెట్టించడం తోడున్నవాళ్ల పని. తెలంగాణలో భరోసా కేంద్రాలు, రెండు రాష్ట్రాల్లో సఖి కేంద్రాలు వైద్యం, పోలీసు, లాయరు, కౌన్సెలింగ్ ఒకేచోట చూపిస్తాయి. సఖిలో ఐదు రోజులు ఉండొచ్చు కూడా.

మగపిల్లల గురించి రెండు మాటలు. 18 లోపువాళ్లకు పోక్సో ఉంది. దాటినవాళ్లకు పాత ఐపీసీలోని 377వ సెక్షన్ పోయాక బీఎన్ఎస్‌లో సరిసమానమైన సెక్షన్ లేదు. యూజీసీ నిబంధనలు మాత్రం అబ్బాయిలను, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులను కూడా గుర్తించాయి. కమిటీకి ఫిర్యాదు తీసుకోవచ్చు, ఆస్పత్రి లెక్కలన్నీ వాళ్లకూ అవే. హాస్టల్లో సీనియర్లు చేసినదాన్ని ‘ర్యాగింగ్’ ఖాతాలో వేసి మూసేయడం వల్ల వాళ్లకు 72 గంటల మందు కూడా అందడం లేదు.

చివరగా మీ డెస్క్‌కు ఒక విన్నపం. పేరు వేయరు, సరే. కానీ ‘ఫలానా కాలేజీ, సీఎస్ఈ రెండో సంవత్సరం, ఫలానా మండలం నుంచి వచ్చిన విద్యార్థిని’ అని వేస్తే ఆ క్లాసులో అరవైమందికీ ఎవరో తెలిసిపోతుంది. గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమూ వేయకూడదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో చెప్పింది. బీఎన్ఎస్ 72 కింద ఇది రెండేళ్ల వరకు జైలు పడే నేరం. మైనర్ల కేసుల్లో పోక్సో 23వ సెక్షన్ పాఠశాల పేరును, పేటను కూడా నిషేధించింది, కనీస శిక్ష ఆరు నెలలు. తండ్రి వృత్తి, ఇంటి ముందు గుమిగూడినవాళ్ల ఫొటో, మసకబార్చిన మొహం వెనక స్పష్టంగా కనిపించే హాస్టల్ బోర్డు కూడా ఈ కోవలోనివే. ఆ చోటును ఈ నంబర్లకు ఇవ్వండి: అత్యవసరానికి 112, మహిళలకు 181, పిల్లలకు 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100, మానసిక సాయానికి టెలీ మానస్ 14416. మీ జిల్లా ఎడిషన్‌లో దగ్గర్లోని సఖి కేంద్రం, భరోసా కేంద్రం చిరునామా కూడా జత చేయండి. నంబరు మోగించి, ఎత్తుతున్నారో లేదో చూసుకున్నాకే వేయండి.

ఇట్లు,
కళాశాలల అంతర్గత ఫిర్యాదుల కమిటీల బయటి సభ్యులు, విద్యార్థి కౌన్సెలర్లు కొందరు
విజయవాడ, హైదరాబాద్